వేడి, చలి – ఒంటిలోని కాపలా



మేమిద్దరం ఉద్యోగాలు చేసిన ముప్పై ఏళ్లూ ఖమ్మం, భద్రాచలం అడవి అంచునే గడిచాయి. మాలో ఒకరు బడిపంతులు, ఇంకొకరు నర్సు. పాల్వంచ, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల దారుల్లో బస్సు ఉన్నచోట బస్సు మీద, లేనిచోట సైకిలు మీద, వాగు అడ్డొచ్చినచోట చెప్పులు చేతపట్టుకొని తిరిగాము. ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాము. అయినా ఆదివారం ఆరాధన ముగిశాక స్త్రీల సమాజంవారు కూర్చున్న చోట జబ్బుల మాట వచ్చిందంటే అందరూ మా వైపే చూస్తారు.

ఈ మధ్య ఒక చెల్లెలు ఇలా అడిగింది: "సిస్టరమ్మా, క్యాన్సరు గడ్డను మంచులాగ గడ్డకట్టిస్తే, లేకుంటే కాలిస్తే, ఒంట్లో మిగిలింది కూడా దానంతటదే పోతదంట గదా? మా తమ్ముడు ఫోనులో చూసిండు. మరి మన పెద్దోళ్లు వాతలు పెట్టేది అందుకేనా?"

అందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిదానిలో కొంత నిజముంది. రెండవదానికి జవాబు కాదు అనే. మధ్యలో మన జిల్లాకు సంబంధించిన పెద్ద సంగతి ఒకటి ఉంది. ఈ మూడూ కలిపి చెప్తేగాని విషయం తేలదు. కనుక కొంచెం ఓపికగా చదవమని మనవి.

జ్వరం తగిలితే గడ్డ కరిగింది

జ్వరం వచ్చి తగ్గాక కొందరిలో క్యాన్సరు గడ్డ చిన్నదైందని డాక్టర్లు గమనించడం ఈనాటిది కాదు. 1866లో జర్మనీ దేశపు వైద్యుడు బుష్ ఈ సంగతి రాశాడు. ఎరిసిపెలాస్ అని చర్మం ఎర్రగా ఉబ్బి తీవ్రమైన జ్వరం తెచ్చే జబ్బు ఒకటుంది. అది సోకిన రోగికి గడ్డ కుంచించుకుపోయిందని ఆయన చూశాడు.

ఆ తర్వాత న్యూయార్కులో విలియం కోలీ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన దగ్గర ఒక చిన్న వయసు అమ్మాయి ఎముక క్యాన్సరుతో చనిపోయింది. ఆ బాధ ఆయనను వదలలేదు. పాత రోగుల కాగితాలన్నీ తిరగేస్తే, మెడమీది గడ్డ పదే పదే కోసినా మళ్లీ పెరిగిన ఒకాయనకు ఎరిసిపెలాస్ జ్వరం వచ్చాక గడ్డ మాయమైనట్టు కనబడింది. కోలీ ఆ మనిషిని వెదికి పట్టుకున్నాడు. ఏళ్లు గడిచినా ఆయన ఆరోగ్యంగా ఉన్నాడు. 1891లో కోలీ ఆ జబ్బు క్రిములనే రోగులకు ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరికి గడ్డ కరిగింది, కొందరు ఆ జ్వరంతోనే పోయారు. అందుచేత తరువాత చంపిన క్రిములతో మందు చేశాడు. ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చెయ్యదో ముందుగా చెప్పడం సాధ్యం కాలేదు. రేడియం, ఎక్స్‌రే చికిత్సలు వచ్చాక ఆ మందు మూలపడింది.

చలి సంగతి అంతకన్నా పాతది. 1845 తరువాతి సంవత్సరాల్లో ఇంగ్లాండులో జేమ్స్ ఆర్నాట్ అనే డాక్టరు దంచిన మంచులో ఉప్పు కలిపి, బయటికి కనబడే రొమ్ము గడ్డల మీద, గర్భసంచి ముఖద్వారపు గడ్డల మీద పెట్టేవాడు. ఐసుక్రీము బండివాడు మంచులో ఉప్పు కలిపేది ఎందుకో మనకు తెలుసు. ఉప్పు కలిస్తే మంచు ఇంకా చల్లబడుతుంది. దానితో నొప్పి, రక్తస్రావం, వాసన తగ్గేవి. 1961లో అమెరికాలో ఇర్వింగ్ కూపర్ అనే డాక్టరు ద్రవ నైట్రోజనుతో పనిచేసే పరికరం తయారుచేశాక గడ్డకట్టించే వైద్యం ఆసుపత్రుల్లోకి వచ్చింది. 1970 ప్రాంతంలో ప్రోస్టేటు గ్రంథిని ఇలా గడ్డకట్టించిన కొద్దిమందిలో, దూరంగా పాకిన గడ్డలు కూడా తగ్గాయని అక్కడి డాక్టర్లు రాశారు. ఫోనులో ఆ తమ్ముడు చూసిన మాటకు మూలం ఇదే.

కాపలా కుక్క వాసన పట్టినట్టు

ఇది ఎలా జరుగుతుంది? మన జొన్నచేలో మంచె మీద కూర్చున్న కాపలావానిని తలచుకోండి. పందులు బయటినుండి వస్తే అరిచి తరుముతాడు. అదే ఇంటి దూడ చేలో పడి మేస్తే, మనదేలే అని ఊరుకుంటాడు. క్యాన్సరు ఆ దూడలాంటిది. అది బయటి క్రిమి కాదు, మన ఒంటి కణమే దారి తప్పి పెరిగింది. కాబట్టి మన రక్తంలోని కాపలా కణాలు దానిని చాలాసార్లు శత్రువుగా గుర్తించవు.

గడ్డను గడ్డకట్టించి చంపితే కణాలు పగిలిపోతాయి గాని, వాటిలోని మాంసకృత్తులు చాలావరకు చెడకుండా అక్కడే మిగులుతాయి. కాపలా కణాలు వచ్చి ఆ చెత్త ఎత్తేటప్పుడు, దొంగ వదిలేసిన తువ్వాలు వాసన చూసిన వేటకుక్కలాగ, ఆ గుర్తు పట్టుకుంటాయి. ఆ గుర్తును తక్కిన కాపలా కణాలకు చూపిస్తాయి. వేడి వల్ల కూడా ఇలాంటిదే జరుగుతుంది. వేడి తగిలిన కణం తనను కాపాడుకోవడానికి కొన్ని ప్రత్యేకమైన మాంసకృత్తులు పుట్టిస్తుంది. అవి కూడా కాపలాకు సైగ చేస్తాయి. జ్వరంలో ఒళ్లు కాలుతున్నప్పుడు కాపలా కణాలు చురుకుగా తిరుగుతాయి కూడా.

ఇంతవరకూ నిజం. అయితే వాసన పట్టిన కుక్కలన్నీ దొంగను పట్టవు. గడ్డ కూడా కాపలాను నిద్రపుచ్చే ఉపాయాలు పన్నుతుంది. అందువల్ల ఒకచోట కాల్చితేనో గడ్డకట్టిస్తేనో ఒళ్లంతా పాకిన క్యాన్సరు పోవడం చాలా అరుదు. అది నమ్ముకొని కూర్చోదగ్గ వైద్యం కాదు. కాపలాకు పడిన పగ్గాలు విప్పే మందులకు బాటవేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజో అనే ఇద్దరికి 2018లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ మందులతో కలిపి గడ్డకట్టించే వైద్యం ఇస్తే ఎలా ఉంటుందని పరిశోధనలు జరుగుతున్నాయి.

వేడి మాత్రం ఒకచోట గట్టి మేలు చూపింది. నెదర్లాండ్స్ దేశంలో ముదిరిన గర్భసంచి ముఖద్వార క్యాన్సరు ఉన్న స్త్రీలకు, రేడియేషనుతో పాటు యంత్రంతో కటిభాగం లోపల వేడి పుట్టించారు. 2000 సంవత్సరంలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రేడియేషను మాత్రమే పొందినవారిలో మూడేళ్ల తర్వాత బ్రతికి ఉన్నవారు నూటికి 27 మంది, వేడి కూడా పొందినవారిలో 51 మంది. అది ఇనుము కాల్చి పెట్టే వేడి కాదు. తీవ్రమైన జ్వరమంతటిది, డిగ్రీలు కొలుస్తూ ఇచ్చేది.

కాపలాను మేల్కొల్పి క్యాన్సరును అణచే మందు మనకు బాగా తెలిసినదే ఇంకొకటుంది. పుట్టిన బిడ్డ భుజానికి వేసే క్షయ టీకా బి.సి.జి. మూత్రాశయపు లోపలి పొరకు వచ్చే తొలిదశ క్యాన్సరుకు ఆ బి.సి.జి.నే మూత్రాశయంలోకి ఎక్కిస్తే గడ్డ తిరిగి రావడం తగ్గుతుందని 1976లో కెనడాలో మొరాలెస్ అనే డాక్టరు చూపించాడు. ఈనాటికీ ఆ వైద్యం జరుగుతూనే ఉంది.

వాత ఎందుకు పనిచెయ్యదు

ఇక రెండవ ప్రశ్న. మా ఇంటి పెద్ద ఆడపడుచును కిన్నెరసాని అవతలి ఊరికి ఇచ్చారు. ముట్లుడిగిన మూడేళ్లకు ఆమెకు మళ్లీ మైల కనబడింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. తెల్లబట్ట వాసన వేస్తుంటే గదిలో ఊదుబత్తి వెలిగించుకునేదట. నడుము నొప్పి పెరిగాక ఊళ్లోవాళ్లు ఒక నాటువైద్యుని పిలిపించారు. ఆయన ఇనుప కమ్మి కాల్చి నడుముకు రెండు, పొత్తికడుపుకు మూడు వాతలు పెట్టాడు. మాకు కబురు అందేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. పట్నం తీసుకుపోయాము. పరీక్షచేసిన డాక్టరమ్మ వాతలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "గడ్డ లోపల మూత్రాశయం దాకా పాకిందమ్మా. నొప్పి తగ్గించగలం" అన్నది. ఆమె 1997లో కన్నుమూసింది. చివరి రోజుల్లో, "ఈ వాతల నొప్పి ఆ రోగం నొప్పి కన్నా తక్కువేలే వదినా" అని నవ్వింది. ఆ నవ్వు మాకింకా గుర్తుంది.

వాత పెట్టినవాడు చెడ్డవాడని మేము అనలేదు, అనము. తన తాతనుండి నేర్చుకున్నది చేశాడు. కాని చర్మం మీద కాల్చిన మంట వేలెడు లోతు కూడా పోదు. జబ్బు ఉన్న చోటు అక్కడికి జానెడు లోపల ఉంది. చర్మం కాలితే కాపలా కణాలు ఆ పుండు మాన్పడానికి పరుగెత్తుతాయి తప్ప, అవి చూడని గడ్డ గుర్తు వాటికి అందదు. పైగా పుండు చీము పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, వాత మానేదాకా చూద్దామని నెలలు గడిచిపోతాయి. క్యాన్సరుకు కావలసింది ఆ నెలలే.

వేడీ చలీ నిజంగా గెలిచే చోటు

అదే గర్భసంచి ముఖద్వారంలో, జబ్బు ఇంకా క్యాన్సరు కాకముందే, వేడిగాని చలిగాని సరిగ్గా తగిలితే పని పూర్తవుతుంది.

ఈ క్యాన్సరు దాదాపుగా ఎప్పుడూ హెచ్.పి.వి. అనే వైరసు వల్ల వస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన హరాల్డ్ త్సూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానం ఇచ్చారు. కాపురం చేసే స్త్రీలలో చాలామందికి ఏదో ఒకనాడు ఈ వైరసు సోకుతుంది. అది నడవడికి గుర్తు కాదు, సిగ్గుపడవలసిన పని లేదు. భర్త ఒక్కడే ఉన్న ఇల్లాలికి కూడా సోకవచ్చు. నూటికి తొంభై మందిలో ఒంటి కాపలాయే రెండేళ్లలోపు దాన్ని తరిమేస్తుంది. మిగిలిన కొద్దిమందిలో అది మకాం వేసి, ముఖద్వారపు కణాలను మెల్లగా మార్చుతుంది. ఆ మార్పు క్యాన్సరుగా ముదరడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్లు పడుతుంది. ఎయిడ్స్ వైరసు ఉన్నవారిలో కాపలా బలహీనపడి ఉంటుంది గనుక, వైద్యం లేకపోతే అయిదు పదేళ్లలోనే ముదరవచ్చు. అంటే ఈ జబ్బు మనకు చాలా గడువు ఇస్తుంది. ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ.

ఆ గడువులో కనిపెట్టడానికి ఉన్న పరీక్షల్లో ఒకటి మన వంటింటి పదార్థంతోనే చేస్తారు. పలుచని వెనిగరును దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, మారిన కణాలున్న చోటు తెల్లగా తేలుతుంది. తమిళనాడులోని దిండిగల్లు జిల్లాలో 2000 నుండి 2003 వరకు 30 – 59 ఏళ్ల మధ్య స్త్రీలకు, శిక్షణ పొందిన నర్సులే ఈ పరీక్ష చేశారు. మచ్చ ఉన్నవారిలో తగినవారికి గడ్డకట్టించే వైద్యం కూడా నర్సులే చేశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. పరీక్ష అందిన ఊళ్లలో ఈ క్యాన్సరు నాలుగో వంతు, దానివల్ల మరణాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. పెద్ద యంత్రాలు లేని పల్లెల్లో జరిగిన పని ఇది.

గడ్డకట్టించే పరికరానికి గ్యాసు సిలిండరు కావాలి. నాణెమంత లోహపు బిళ్లను ముఖద్వారానికి ఆనించి మూడు నిమిషాలు గడ్డకట్టిస్తారు, అయిదు నిమిషాలు కరగనిస్తారు, మళ్లీ మూడు నిమిషాలు. కాని ఆ బరువైన సిలిండరును అడవి ఊళ్లకు మోయడం, అయిపోతే నింపించడం కష్టం. ఇప్పుడు చేత పట్టుకొనే వేడి పరికరాలు వచ్చాయి. బ్యాటరీతో నడుస్తాయి. బిళ్లను 100 డిగ్రీలకు వేడిచేసి 20, 30 సెకన్లు ఆనిస్తే చాలు. జర్మనీ వైద్యుడు కుర్ట్ సెమ్ 1960లలోనే ఈ పద్ధతి చెప్పాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది.

మా పెద్దకోడలికి 2021లో, ఆమె 36వ ఏట, ఖమ్మంలో పరీక్ష చేయించాము. తెల్లమచ్చ కనబడింది. కాల్చాలి అన్న మాట వినగానే ఆమె ముఖం పాలిపోయింది. ఆడపడుచు వాతల కథ ఇంట్లో అందరికీ తెలుసు.

"అత్తమ్మా, నాకు కూడా వాతలు పెడతరా?" అని చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

డాక్టరమ్మ ఆ మాట విని, పరికరం చేతిలోకి తీసుకొని చూపించింది. "చూడమ్మా, ఇది చిటికెన వేలంత. నీకు ఉన్నది క్యాన్సరు కాదు, కాబోయేది. దాన్ని ఇక్కడే ఆపేస్తాము. అరనిమిషం. కడుపులో ముట్టునొప్పి లాంటిది వస్తుంది, అంతే" అన్నది.

నిజంగా అంతే. పట్టిపట్టి నొప్పి వచ్చి పోయింది. కొన్ని వారాలు నీళ్లలాగ తెల్లబట్ట పోయింది. నెలరోజులు భార్యాభర్తలు దూరంగా ఉండమన్నారు. ఏడాది తర్వాత పరీక్షచేస్తే మచ్చ లేదు. ఆ రోజు ఆమె ఇంటికి వస్తూ దారిలో జామకాయలు కొన్నది. ఇంట్లో అందరికీ తలా ఒకటి పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మచ్చ అందరికీ ఇలా కాల్చరాదు. మచ్చ మొత్తం కంటికి కనబడాలి, లోపలి దారిలోకి పాకకూడదు, క్యాన్సరు అనుమానం ఉండకూడదు, గర్భవతి కాకూడదు. వీటిలో ఏది తప్పినా వేరే పరీక్షలు, వేరే వైద్యం కావాలి. అది తేల్చవలసింది శిక్షణ పొందినవారు.

మన జిల్లాలో జరిగినది

ఇక ఆ కాపలాకు ముందుగానే దొంగ ఆనవాలు చూపించే టీకా సంగతి. దీనికి మన ఖమ్మం పేరు దేశమంతా వినిపించింది, సంతోషించదగ్గ విధంగా మాత్రం కాదు.

2009 జూలై 9న ఖమ్మంలో హెచ్.పి.వి. టీకా కార్యక్రమం ఆరంభమైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 – 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ టీకా మూడు మోతాదులు వేయాలని ఏర్పాటు. సుమారు 14 వేలమంది పిల్లలకు వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో కంపెనీ టీకాతో 10 వేల పైచిలుకు పిల్లలకు వేశారు. మన వైపు పిల్లల్లో చాలామంది గిరిజనుల బిడ్డలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు.

కొన్ని నెలలకు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు, అందులో అయిదుగురు మన రాష్ట్రంవారు. మహిళా సంఘాలవారు 2010 మార్చిలో ఖమ్మం వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడి వెళ్లారు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపించింది. విచారణ సంఘం 2011లో నివేదిక ఇచ్చింది. నీళ్లలో మునిగి, పాము కరచి, పురుగుల మందు తాగి, మలేరియా వచ్చి – ఇలాంటి కారణాల వల్ల మరణాలు సంభవించాయనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ తేల్చింది.

అంతటితో కథ ముగియలేదు. అనుమతి కాగితాల సంగతి బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో మన రాష్ట్రపు లెక్క ఉంది. చూసిన 9,543 కాగితాల్లో 1,948 వాటిపై వేలిముద్రలు. 2,763 వాటిపై సంతకం పెట్టినది హాస్టల్ వార్డెన్లు. కన్నతల్లికి కబురే లేదు. టీకా వల్ల ఏదైనా కీడు జరిగితే కనిపెట్టే ఏర్పాటు కూడా సరిగా లేదని ఆ సంఘం గట్టిగా తప్పుపట్టింది. తాము నియమాలు మీరలేదని పాత్ సంస్థ చెప్పుకొన్నది.

చదువరులారా, ఈ రెండు మాటలనూ విడదీసి పట్టుకోవద్దు. టీకా పిల్లలను చంపిందని విచారణలో తేలలేదు. ఇది ఒక నిజం. తల్లిదండ్రులను అడగకుండా వారి బిడ్డల చేతికి సూది గుచ్చారు. ఇది ఇంకొక నిజం. మొదటిది చెప్పి రెండవదాన్ని కప్పిపుచ్చేవారున్నారు. రెండవది చెప్పి మొదటిదాన్ని దాచేవారూ ఉన్నారు. అడవి ఊళ్లలో మేము చూసింది రెండవ దాని ఫలం. చాలా ఏళ్లపాటు, పసిపిల్లల పోలియో చుక్కలకు కూడా కొన్ని ఇళ్ల తలుపులు వేసుకునేవారు. "మమ్మల్ని అడగనోళ్లు మాకు మంచి చేస్తరా సారూ?" అని ఒక కోయ పెద్దాయన అడిగాడు. మేము ఆయన ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాము. ఆయన ప్రశ్నలో తప్పు వెదకలేకపోయాము.

ఆగిపోయిన సూది నేర్పిన పాఠం

ఆ 2010 ఏప్రిల్‌లోనే దేశంలో తొమ్మిది చోట్ల జరుగుతున్న వేరొక టీకా పరిశోధన కూడా ఆగిపోయింది. రెండు మోతాదులు చాలునా, మూడు కావాలా అని చూడడానికి దాన్ని మొదలుపెట్టారు. నడిమధ్యలో ఆగడం వల్ల వేలమంది ఆడపిల్లలకు ఒక్క మోతాదే అందింది. డాక్టర్లు వారిని వదిలిపెట్టకుండా పదేళ్లు కనిపెట్టి చూశారు. ముఖ్యమైన 16, 18 రకాల వైరసులు మకాం వేయకుండా ఒక్క మోతాదే నూటికి 95 పాళ్లు కాపాడిందని 2021లో అచ్చువేశారు. ఇలాంటి రుజువుల మీద ఆధారపడి 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 9 నుండి 20 ఏళ్లవారికి ఒక్క మోతాదు కూడా చాలునని చెప్పింది. మన దేశపు సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు కూడా 2022లోనే అనుమతి వచ్చింది.

ఇది ఎందుకు అవసరమో ఒక్క లెక్క చాలు. 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేలమంది స్త్రీలకు ఈ క్యాన్సరు వచ్చిందనీ, దాదాపు 80 వేలమంది చనిపోయారనీ అంచనా.

మా మనుమరాలికి పదమూడో ఏడు. హాస్టల్లో ఉండి చదువుతుంది. టీకా వేయించే మాట వచ్చినప్పుడు ఇంట్లో రెండు రోజులు వాదం జరిగింది. మా చిన్నబ్బాయి, "అప్పుడు ఖమ్మంలో ఏమైందో మరిచిపోయిన్రా? నాకు భయం" అన్నాడు. వాని భయాన్ని మేము తీసిపారేయలేదు. వానికీ ఒక కూతురుంది. అప్పుడు పెద్దకోడలు మాట్లాడింది. ఆమె మామూలుగా తక్కువ మాట్లాడే మనిషి.

"మామయ్యా, అప్పుడు తప్పు అడగకపోవడం. ఇప్పుడు మనమే అడుగుదాం. ఏం టీకా, ఎన్ని సూదులు, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి – అన్నీ డాక్టరును అడుగుదాం. కాగితం చదివి వినిపించమందాం. నచ్చితే సంతకం నేను పెడతా. నా బిడ్డ కాగితం మీద ఇంకెవరూ పెట్టొద్దు."

అలాగే చేశాము. ఆమె ఒక చీటీ మీద ఏడు ప్రశ్నలు రాసుకొని పోయింది. డాక్టరు విసుక్కోకుండా జవాబులు చెప్పాడు. టీకా వేసిన తర్వాత అరగంట కూర్చోబెట్టాడు. మనుమరాలికి ఆ రాత్రి చెయ్యి నొప్పి పెట్టింది, మర్నాటికి తగ్గింది. చిన్నబ్బాయి ఇంకా తన కూతురి సంగతి తేల్చుకోలేదు. తేల్చుకోవలసింది వాడూ, వాని భార్యా. అడిగినప్పుడు తెలిసింది చెప్తున్నాము.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

ముట్లుడిగాక మైల కనబడినా, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనబడినా, తెల్లబట్ట వాసన వేసినా, నెలల తరబడి నడుము నొప్పి ఉన్నా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఇవన్నీ క్యాన్సరే కానక్కరలేదు, కాని చూపించుకోకుండా ఉండరాదు.

ఏ బాధా లేకపోయినా 30 ఏళ్లు దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకోవాలి. నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం – ఈ మూడింటి క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. టీకా వేయించుకున్న పిల్లలకు కూడా పెద్దయ్యాక ఈ పరీక్ష అవసరమే. ఎందుకంటే టీకా అన్ని రకాల వైరసులనూ ఆపదు, ముందే ఉన్నదాన్ని పోగొట్టదు.

గడ్డకో నొప్పికో వాతలు పెట్టించవద్దు. వేడితో, చలితో ఒళ్లంతా పాకిన క్యాన్సరు పోగొడతామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. రోగం తేలిన తర్వాత హైదరాబాదులోని ఎం.ఎన్.జె. వంటి క్యాన్సరు ఆసుపత్రులకు పోవడానికి ఆలస్యం చెయ్యవద్దు. భర్తలారా, భార్యను పరీక్షకు వెళ్లమని మీరే చెప్పండి, బస్టాండు దాకా తోడు వెళ్లండి. సిగ్గు వల్ల ఆగిపోయిన స్త్రీకి ఇంటివాని మాట చాలా బలమిస్తుంది.

ఇక ఎవరైనా ఏ కాగితమైనా తెచ్చి వేలిముద్ర వేయమంటే, చదివి వినిపించమని అడగండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. అది మీ హక్కు. అడిగినందుకు కోపగించుకొనే వైద్యుడు ఉంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. అడిగి, జవాబు విని, అర్థం చేసుకొని వేసే సంతకమే మన పిల్లలకు మొదటి కాపలా.